మహిళలకు ఇచ్చే సబ్సిడీ లోన్లు నిజంగా వస్తాయా, కాగితాల మీదేనా?

టైలరింగ్ బాగా వచ్చు, ఊళ్ళోనే 8 లక్షలతో డ్రెస్సులు కుట్టే యూనిట్ కొత్తగా పెట్టాలనుకుంటున్నాను, ముద్ర మంచిదా పీఎంఈజీపీ మంచిదా అని అడిగారు. రెండూ కేంద్ర ప్రభుత్వ పథకాలే: ముద్ర అంటే చిన్న వ్యాపారాలకు ఇచ్చే అప్పు, పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం) అంటే కొత్త యూనిట్‌కు సబ్సిడీతో ఇచ్చే అప్పు.

వస్తాయండీ. నా చిరుధాన్యాల పిండి యూనిట్ పీఎంఈజీపీ కింద పెట్టిందే. కాకపోతే సబ్సిడీ అంటే చేతికొచ్చే డబ్బు అనుకుంటే మాత్రం నిరాశే.

మీ లెక్కే చూద్దాం. పల్లెలో యూనిట్ పెట్టే మహిళకు 35 శాతం సబ్సిడీ, పట్నంలో 25. జనరల్ కేటగిరీ మగవాళ్ళకు ఇవే 25, 15. సొంత వాటా వాళ్ళకు 10 శాతం, మనకు 5. అంటే మీరు 40 వేలు పెట్టుకుంటే బ్యాంకు 7 లక్షల 60 వేలు ఇస్తుంది. సబ్సిడీ 2 లక్షల 80 వేలు మీ పేరు మీద బ్యాంకులోనే మూడేళ్ళు డిపాజిట్‌గా ఉండిపోతుంది. దానికి వడ్డీ రాదు, అంత మేరకు అప్పు మీద వడ్డీ కూడా వేయరు. యూనిట్ నడుస్తోందని వచ్చి చూశాకే అప్పులో సర్దుతారు. మా దగ్గరికి వచ్చినాయన నన్ను బోర్డు పక్కన నిలబెట్టి ఫోటో తీసి, పల్వరైజర్ (పిండి పట్టే మిషన్) మీదున్న నంబరు బిల్లుతో సరిపోయిందో లేదో చూసుకున్నారు. కాబట్టి మిషన్ల బిల్లులు జాగ్రత్త. స్థలం ఖర్చు ప్రాజెక్టులో చూపించకూడదు. డబ్బంతా మిషన్లకే పెట్టేయకుండా, బట్ట కొనడానికి, జీతాలకు కూడా బ్యాంకుకిచ్చే ప్రాజెక్ట్ రిపోర్టులోనే చూపించండి.

ముద్రలో సబ్సిడీ లేదు, తాకట్టూ లేదు. శిశు 50 వేల వరకు, కిశోర్ 5 లక్షల వరకు, తరుణ్ 10 లక్షల వరకు. మీ మొత్తం తరుణ్‌లోకి వస్తుంది. సబ్సిడీ కోసం తిరిగే ఓపిక లేకపోతే ఇదే నయం.

అసలు పరీక్ష బ్యాంకులో. పథకం మహిళల పేరు మీదే, కానీ నేను వెళితే మొదటి మాట "మీవారిని తీసుకురండమ్మా". ఆ తర్వాత ఇంటి పత్రాలు అడిగారు. చిన్న పరిశ్రమలకు 10 లక్షల లోపు అప్పుకు తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. ఆ మాట నేను గొడవపడకుండా, మర్యాదగానే గుర్తు చేశాను. పని మాత్రం ఇంకో మాట వల్ల జరిగింది. కిలో రాగులకు తరుగు ఎంత పోతుంది, రోజుకు ఎంత పట్టగలవు అని ఫీల్డ్ ఆఫీసర్ అడిగితే కాగితం చూడకుండా చెప్పాను. అప్పటినుంచి మావారి ప్రస్తావనే రాలేదు. ఏజెంటు రాసిచ్చిన ప్రాజెక్ట్ రిపోర్టు పట్టుకెళ్ళేవాళ్ళు ఇక్కడే దొరికిపోతారు, భార్య పేరు మీద అప్పు లాగుదామనుకునే మగవాళ్ళు కూడా. నన్నడిగితే ఆ ప్రశ్నలు ఉండాల్సిందే, కానీ మగవాళ్ళనీ అడగాలి కదా! మీరైతే ఒక డ్రెస్సుకు బట్ట ఎంత, దారం ఎంత, రోజుకు మిషన్‌కి ఎన్ని, షాపువాళ్ళు ఎంతకు తీసుకుంటారు, ఇవన్నీ నోటికి వచ్చేలా పెట్టుకోండి.

ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు, పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే సైట్లు ప్రభుత్వానివి కావు. ఆ నంబరు ఉంటే, షాపువాళ్ళు సరుకు తీసుకుని డబ్బు 45 రోజులు దాటించినప్పుడు ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల) చట్టం కింద ఫిర్యాదు చేయొచ్చు. రోజూ వాళ్ళతోనే వ్యాపారం, నిజంగా ఫిర్యాదు చేస్తామా అంటే అనుమానమే. అయినా అడిగేటప్పుడు గొంతులో కాస్త బలం ఉంటుంది.

పీఎంఈజీపీ అప్లికేషన్ ఆన్‌లైనే. అందులో బ్యాంకు బ్రాంచి మీరే ఎంచుకోవాలి. అది నింపకముందే ఆ బ్రాంచికి వెళ్ళి, ఈ ఏడాది ఈ పథకం కింద కొత్త లోన్లు తీసుకుంటున్నారా అని ఒకసారి అడిగి రండి.