మెకానిక్స్ పుస్తకం కొనేముందు నిచ్చెన లెక్క తీసి చూడాలి

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. నేను ఈ ఏడాదే సివిల్ ఇంజినీరింగ్‌లో చేరాను. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. ఇంజినీరింగ్ మెకానిక్స్‌కు మా సార్ బీర్, జాన్‌స్టన్ పుస్తకం చదవమన్నారు. సీనియర్లేమో పాత ప్రశ్నలన్నిటికీ జవాబులున్న గైడు చాలంటున్నారు. నాన్న ఒక్క పుస్తకానికే డబ్బు సర్దగలరు. ఏది కొనమంటారు? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, నరసరావుపేట

జవాబు: అమ్మా, ఒక్కటే కొనాలంటే టిమోషెంకో, యంగ్ రాసిన ‘ఇంజినీరింగ్ మెకానిక్స్’ కొనుక్కో. మీ సార్ చెప్పింది కూడా మంచి పుస్తకమే. దాన్ని లైబ్రరీ నుంచి తెచ్చుకో. గైడు మాత్రం కొనవద్దు.

నేను 31 ఏళ్లు ఈ పాఠం చెప్పాను. ఒక ఏడాది పరీక్షలో గోడకు ఆనించిన నిచ్చెన లెక్క ఇచ్చాను. పిల్లలు చదివిన గైడులో గోడ కుడివైపు ఉంది, నేను ఎడమవైపు గీశాను. తేడా అంతే. చాలామంది నేల దగ్గర ఘర్షణను గైడులో చూసినట్టే కుడివైపుకు గీశారు. అంటే నిచ్చెన కాలు ఎటు జారుతుందో ఘర్షణ కూడా దాన్ని అటే తోస్తోందని రాసినట్టు! వాళ్లు రాత్రంతా మేలుకుని చదివినవాళ్లే. ఆ పేపర్లు దిద్దుతుంటే నాకు కళ్లనీళ్లు తిరిగాయి. బొమ్మ గుర్తుపెట్టుకున్నారు కానీ, బొమ్మ ఎలా పుడుతుందో వాళ్లకు ఎవరూ చూపించలేదు.

అందుకే షాపులో ఏ పుస్తకం చేతిలోకి తీసుకున్నా ముందు ఫ్రిక్షన్ (ఘర్షణ) చాప్టర్ తెరిచి నిచ్చెన లెక్క చూడు. నిచ్చెన పొడవు 5 మీటర్లు, కింది కొస గోడకు 3 మీటర్ల దూరంలో ఉందనుకో. పై కొస 4 మీటర్ల ఎత్తున ఆనుతుంది. నిచ్చెన బరువు 200 న్యూటన్లు, గోడ నునుపు, నేల దగ్గర ఘర్షణ గుణకం 0.5. అంటే నేల పైకి ఇచ్చే ప్రతిచర్యలో సగం దాకా ఘర్షణ చేరగలదు. ఘర్షణ ఎంత అని అడిగితే తరగతిలో సగంమంది 0.5ను 200తో గుణించి 100 న్యూటన్లు అంటారు. అది తప్పు. కింది కొస చుట్టూ మొమెంట్లు (బలాలు నిచ్చెనను తిప్పే ప్రభావాలు) తీసుకుంటే గోడ నెట్టే బలం 75 న్యూటన్లే వస్తుంది. దాన్ని ఆపడానికి ఘర్షణ కూడా 75 ఉంటే చాలు. 100 అనేది ఘర్షణ చేరగలిగిన గరిష్ఠ హద్దు, అంతే తప్ప ప్రతిసారీ అంత ఉండాలని లేదు.

ఇప్పుడు సున్నం వెయ్యడానికి 600 న్యూటన్ల బరువున్న మనిషి ఎక్కాడనుకో. నేల ఇచ్చే ప్రతిచర్య 800కు పెరుగుతుంది, ఘర్షణ హద్దు 400 అవుతుంది. కానీ అతను పైకి వెళ్లేకొద్దీ కావలసిన ఘర్షణ కూడా పెరిగి, నిచ్చెన వెంట సుమారు 3.6 మీటర్లు ఎక్కేసరికి ఆ హద్దును తాకుతుంది. ఇంకో మెట్టు ఎక్కితే కింది కొస జారుతుంది. పండగ ముందు ఇంటికి సున్నాలు వేసేటప్పుడు కింద ఒక మనిషి నిచ్చెన పట్టుకుని నిలబడేది ఇందుకే.

ఈ హద్దు సంగతి స్పష్టంగా చెప్పి, నిచ్చెనను గోడ నుంచీ నేల నుంచీ విడదీసి, దాని మీది బలాలన్నీ వేరే బొమ్మగా గీసిన పుస్తకం మంచిది. ఆ వేరే బొమ్మే ఫ్రీ బాడీ డయాగ్రమ్. అది లేకుండా సూత్రంలోకి దూకే పుస్తకాన్ని అక్కడే పెట్టేసి రా.

టిమోషెంకో పుస్తకం 1937లో మొదట వచ్చింది. మొదటి సగం స్టాటిక్స్ (కదలకుండా ఉన్న వస్తువుల లెక్కలు), రెండో సగం డైనమిక్స్ (కదిలే వస్తువులవి). ముందు ఒక తలంలో ఉండే బలాలు, అందులోనూ ఒక బిందువు దగ్గర కలిసేవి, తర్వాత సమాంతర బలాలు, ఆ తర్వాతే మూడు దిక్కుల్లో ఉండే బలాలు. ఒక్కో మెట్టూ ఎక్కిస్తుంది. వెక్టర్లతో (పరిమాణం, దిశ రెండూ ఉండే రాశులతో) మొదటి రోజే భయపెట్టదు. లోటు కూడా చెప్పాలి: చాలా లెక్కల్లో అంకెలకు బదులు అక్షరాలే ఉంటాయి. మొదట్లో విసుగొస్తుంది, ఓపిక పట్టు.

బీర్, జాన్‌స్టన్ పుస్తకం 1962 నాటిది. వెక్టర్ పద్ధతి, అంకెలతో బోలెడు లెక్కలు, చక్కటి బొమ్మలు. మూడు దిక్కుల్లో ఉండే బలాలకు దాన్ని మించి చదవనక్కర్లేదు. ఆ అధ్యాయాలకు లైబ్రరీ ప్రతి చాలు.

ఇక నీ అసలు ఇబ్బంది ఇంగ్లీషు అని నాకు అర్థమైంది. ఈ సబ్జెక్టులో గండం పెద్ద పదాల్లో లేదమ్మా, చిన్న పదాల్లోనే ఉంది. ‘స్మూత్’ అంటే ఇక్కడ ఘర్షణ అసలు లేదని. ‘లైట్ రాడ్’ అంటే దాని బరువు లెక్కలోకి తీసుకోవద్దని. ‘ఇంపెండింగ్ మోషన్’ అంటే వస్తువు ఇంకా కదల్లేదు, కదలబోయే క్షణంలో ఉందని. అప్పుడు మాత్రమే ఘర్షణ దాని హద్దుకు సమానం. ఇలాంటివి తగిలినప్పుడల్లా ఒక నోట్‌బుక్‌లో రాసుకో. తెలుగు అకాడమీ ఇంటర్ ఫిజిక్స్ పుస్తకాన్ని పాత కాగితాలవాడికి వేసెయ్యకు. బలయుగ్మం (కపుల్), జడత్వ భ్రామకం (మొమెంట్ ఆఫ్ ఇనర్షియా), సమతాస్థితి (ఈక్విలిబ్రియం) నీకు ముందే తెలిసినవి. పేరు మారింది, అంతే.

ప్రశ్న: మా అబ్బాయికి విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత మెకానిక్స్ పుస్తకాలు చూశాను. ఎడిషన్ పాతదైతే పనికొస్తుందా?
– ఒక తండ్రి, నూజివీడు

జవాబు: నిక్షేపంగా పనికొస్తుంది. న్యూటన్ నియమాలు ఎడిషన్ ఎడిషన్‌కూ మారవు. లెక్కల నంబర్లు మారతాయి కాబట్టి క్లాసులో సార్ ఫలానా లెక్క చెయ్యమంటే స్నేహితుడి పుస్తకం చూసుకోవాలి. ఒక్క జాగ్రత్త. లోపల పౌండ్లు, అడుగులు ఉంటే ఆ ప్రతి తీసుకోవద్దు. స్టాటిక్స్ వరకు ఫర్వాలేదు కానీ, డైనమిక్స్‌లో బరువుకూ ద్రవ్యరాశికీ మధ్య పిల్లవాడు తికమకపడతాడు. ఎస్.ఐ. యూనిట్లు (మీటర్లు, కిలోగ్రాములు, న్యూటన్లు) ఉన్నదే అడగండి. బీర్, జాన్‌స్టన్ అయితే వెనక జవాబుల పేజీలు ఉన్నాయో లేదో చూసి మరీ కొనండి. పాత ప్రతుల్లో ముందు ఊడిపోయేది అవే.