ముద్దమందారం రంగు ఎక్కడికి పోయింది?

ప్రశ్న: నిరుడు కాలం చేసిన మా అత్తగారు పెంచిన ముద్దమందారం చెట్టు మా పాత ఇంటి పెరట్లో ఉంది. ఇల్లు అపార్ట్‌మెంట్‌కి ఇచ్చేశాం, వచ్చే నెల ఖాళీ చేయాలి. గుర్తుగా ఒక పువ్వు దాచుకుందామని సీసాలో సర్జికల్ స్పిరిట్ పోసి అందులో వేశాను. రెండు రోజులకే స్పిరిట్ ఎర్రబడింది, పువ్వు పాలిపోయింది. ఫార్మలిన్ అయితే రంగు నిలుస్తుందంటున్నారు. వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఫార్మలిన్ జోలికి వెళ్లకండమ్మా. గుంటూరులో ఒక కాలేజీలో 31 ఏళ్లు బోటనీ చెప్పాను. ప్రాక్టికల్స్ రోజున ఫార్మలిన్ జాడీ మూత తీస్తే చాలు, ముందు బెంచీ పిల్లలకు కళ్లలో నీళ్లు తిరిగేవి. అందులో ఉండే ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని తేలింది. ఇంట్లో ఉంచుకోదగిన వస్తువు కాదు. పైగా మందారం ఎరుపు అందులోనూ నిలవదు.

మీ పువ్వు రంగు స్పిరిట్‌లోకి దిగింది, అంతే. ఆ ఎరుపు ఆంథోసయనిన్ అనే పదార్థం. రేకుల కణాల్లో నీళ్లలో కరిగి ఉంటుంది. స్పిరిట్ తగిలి కణాల పొరలు చెడగానే, బీట్‌రూట్ ఉడికించిన నీళ్లలా రంగంతా బయటికొస్తుంది. కాబట్టి స్పిరిట్‌లో ఆకారం మిగులుతుంది, రంగు మిగలదు. మీకు రెండూ కావాలి కనుక రెండు సీసాలు పెట్టండి.

ఆకారానికి మెడికల్ షాపులో 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడగండి. అంతకన్నా చిక్కటిది వద్దు, పువ్వులో తడంతా లాగేసి రేకుల్ని పెళుసు చేస్తుంది. వెడల్పు మూతి గాజు సీసా తీసుకుని, పువ్వు పూర్తిగా మునిగేలా పోయండి. రంగు దిగినప్పుడల్లా పారబోసి కొత్తది పోస్తూ ఉంటే కొన్నాళ్లకు తేటపడుతుంది. బెజవాడ ఎండలకు ఇట్టే ఆవిరైపోతుంది, మూత బిగుతుగా ఉండాలి. ఇది ఇట్టే అంటుకునే ద్రవం కూడా. అత్తగారి ఫొటో ముందు దీపం పక్కన పెట్టాలని మీకు అనిపించొచ్చు, అక్కడ మాత్రం వద్దమ్మా.

రంగు సీసాకి ఓపిక కావాలి. మందారం ఒక్కరోజు పువ్వు, వాడకముందే పట్టుకోవాలి. ఉదయం మంచు తడి ఆరగానే కోయండి. మూత ఉన్న డబ్బాలో అడుగున తడిని పీల్చేసే సిలికా జెల్ పోసి, పువ్వును నిలబెట్టి, రేకుల మధ్యకి కూడా చెంచాతో సన్నగా జారవిడుస్తూ పూర్తిగా కప్పేయండి. ముద్దమందారానికి రేకులు ఒత్తుగా ఉంటాయి కనుక పది రోజులైనా ఆగండి. తీసినప్పుడు రేకు కాగితంలా గలగలమనాలి. తొడిమ దగ్గర వేలితో నొక్కి చూడండి, మెత్తగా తగిలితే మళ్లీ పూడ్చండి. ఎరుపు కాస్త ముదురుతుంది, అది సహజం.

ఎండిన పువ్వును పొడి సీసాలో పెట్టి లిక్విడ్ పారాఫిన్ అనే నూనె పోయండి. అదీ మెడికల్ షాపులోనే దొరుకుతుంది. నీళ్లలో కరిగే ఆ ఎరుపు నూనెలో కరగదు, అందుకే రేకుల్లోనే ఉండిపోతుంది. తడి మిగిలితే మాత్రం బూజు పడుతుంది. ఎండ తగలని అలమారలో ఉంచండి, వెలుతురుకి ఏ పువ్వు రంగైనా వెలుస్తుంది.

ఆకు కూడా పచ్చగా దాచాలనుకుంటే మన మిరప రైతులకు తెలిసిన మైలుతుత్తమే (కాపర్ సల్ఫేట్) మందు. ఆకు పచ్చదనంలో ఉండే మెగ్నీషియం స్థానంలోకి రాగి చేరితే ఆ రంగు గట్టిపడుతుంది. కానీ అది విషం. గ్లవ్స్, వేరే గాజు పాత్ర, పిల్లలకు అందని చోటు, ఇవన్నీ చూసుకోవాలి. ఒక్క ఆకు కోసం మీకింత శ్రమ అవసరం లేదని నా అభిప్రాయం.

పేరు, తేదీ, ఊరు పెన్సిల్‌తో రాసి ఆ చీటీని స్పిరిట్ సీసా లోపలే వేయండి. పెన్ను సిరా అయితే కరిగిపోతుంది. 1988లో నేను పెన్సిల్‌తో రాసి వేసిన చీటీలు నేను రిటైరయ్యే రోజుకీ చదవడానికి వచ్చాయి.

ఇంకో మాట, ఇల్లు ఖాళీ చేసేలోపు పెన్సిల్ మందం కొమ్మలు నాలుగైదు జానెడు పొడవున కోసి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి నీడలో ఉంచండి. మందారం కొమ్మకే వేరు వేస్తుంది. ఒకటి రెండు ఎండిపోయినా మిగతావి బతుకుతాయి.