బాబుకి పదహారు నిండాయి, ఏ కారు కొనాలి?

చెల్లెమ్మా, మీరు రాసింది మొత్తం చదివాను. హైదరాబాద్ నుంచి డాలస్ పక్కన ఈ ఫ్రిస్కో వచ్చి పద్నాలుగు నెలలైంది, మీ వారిది ఎల్-1 (కంపెనీ బదిలీ మీద వచ్చేవాళ్ళ వీసా), బాబుకి మొన్ననే 16 నిండాయి, స్కూల్లో వాడి స్నేహితులు ఒక్కొక్కరూ సొంత కార్లలో దిగుతున్నారు. వాడేమో టెస్లా అంటున్నాడు, మీ వారేమో కొత్త హోండా సివిక్ అయితే వారంటీ ఉంటుంది కదా అంటున్నారు. పద్నాలుగు నెలలంటే ఇంకా సూట్‌కేసు ట్యాగు కూడా ఊడలేదన్న మాట, ఏమీ అనుకోవద్దు. ఏ కారో తర్వాత చెప్తాను. బాబుని మీ పాలసీలో చేరిస్తే ఇన్సూరెన్స్ ఎంత పెరుగుతుందో ముందు ఎవరినైనా అడిగారా? అడిగి ఉండరు. నేనూ అడగలేదు.

నా సంగతి మొదట్నుంచీ చెప్తే గానీ మీకు అర్థం కాదు. 2004లో ఎమ్మెస్ చదవడానికి ఇక్కడికి దగ్గర్లోని ఆర్లింగ్టన్‌లో దిగాను. ఆ రోజుల్లో ఆ ఊళ్ళో సిటీ బస్సన్నదే లేదు, ఎండలో బియ్యం బస్తా భుజాన వేసుకుని రూముకి నడిచొచ్చేవాళ్ళం. ఇక లాభం లేదని నలుగురం కలిసి, చదువైపోయి వెళ్ళిపోతున్న ఒక సీనియర్ దగ్గర పదేళ్ళ నాటి కారు 1,800 డాలర్లకు తీసుకున్నాం. మన తెలుగువాడే, మోసం చేస్తాడా అనుకున్నాం. పాపం అతను మోసం చేయలేదు, అతనికీ తెలియదు. ఆయిల్ మూత తీసి చూస్తే లోపల చిలికిన మజ్జిగలా తెల్లటి నురగ అంటుకుని ఉంది. కొత్తగా ఆయిల్ మార్పించి ఉంటాడు, అందుకే అంత తెల్లగా ఉందని మాలో ఒకడు, వాడు మెకానికల్ ఇంజనీరు కూడాను, తేల్చేశాడు. మూడు వారాలకు ఐ-20 హైవే మీద బానెట్‌లోంచి ఆవిరి లేచింది. హెడ్ గాస్కెట్ (ఇంజను పైభాగంలో ఉండే సీలు) పోయి కూలెంట్ ఆయిల్లో కలుస్తోందట, బాగుచేయడానికి 1,400 అన్నారు. 200కి తుక్కు కింద అమ్మేశాం. నా వాటా 450. డాలరు 45 రూపాయలున్న రోజుల్లో అది 20 వేల పైమాటే, మా నాన్న నెల జీతం కంటే ఎక్కువ. ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

అంతటితో బుద్ధి వచ్చిందా అంటే లేదు. 2008లో ఉద్యోగం రాగానే సెకండ్ హ్యాండ్ బండ్ల జోలికే వెళ్ళకూడదని ఒట్టు పెట్టుకుని షోరూముకి వెళ్ళాను. అక్కడి సేల్స్‌మన్ కాఫీ ఇచ్చి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు, నెలకి ఎంత కట్టగలరు అని. 350 అన్నాను. లోపలికి వెళ్ళి పావుగంట తర్వాత వచ్చి 349కి కుదిర్చానన్నాడు. నేను బేరం గెలిచాననుకుని ఆ రాత్రి ఇండియాకి ఫోన్ చేసి మరీ చెప్పాను. కారు ధర 16,500. దానికి పన్ను, ఫీజులు, ఎక్స్‌టెండెడ్ వారంటీ, సీట్లకీ పెయింటుకీ ఏదో పూత, అన్నీ కలిపి అప్పు 19,400 అయింది. 8.9 శాతం వడ్డీ, 72 నెలలు. గుణించుకుంటే మొత్తం 25 వేల పైన కట్టాను, అందులో వడ్డీయే 5,700. మీ వారు కొత్త సివిక్ అంటున్నారు చూడండి, ఆయనకి ఈ పేరా చదివి వినిపించండి. మీకు ఇక్కడ క్రెడిట్ హిస్టరీ (అప్పులు కట్టిన చరిత్ర) ఏడాదిదే కదా, వడ్డీ తక్కువకి రాదు. పైగా అప్పు ఉన్నంత కాలం కొలిజన్ (గుద్దుకుంటే మన కారు బాగుకి ఇచ్చే ఇన్సూరెన్స్), కాంప్రిహెన్సివ్ (దొంగతనం, వడగళ్ళ లాంటి నష్టాలకి ఇచ్చేది) రెండూ ఉండాల్సిందేనని అప్పిచ్చినవాడు పట్టుబడతాడు. పదహారేళ్ళ డ్రైవరు పేరు మీద ఆ రెండూ అంటే మామూలు మాట కాదు.

ఇక అసలు దెబ్బ 2021లో, మా అమ్మాయి విషయంలో. చిప్పుల కొరత వల్ల పాత కార్ల ధరలు కూడా ఆకాశంలో ఉన్న ఏడాది అది. నేనేమో ఇప్పుడు నాకన్నీ తెలుసు అనుకునే స్థితిలో ఉన్నాను. మెకానిక్‌కి చూపించాను, నగదు ఇచ్చి కొన్నాను, అప్పు లేదు, 2014 సెడాన్, వి-6, అంటే ఆరు సిలిండర్ల ఇంజను. దర్జాగా ఇంటికి తెచ్చి పాలసీలో చేర్చమని ఏజెంటుకి ఫోన్ చేశాను. అప్పటిదాకా మా రెండు కార్లకీ కలిపి 780 కడుతున్నాం. ఆయన 1,960 అన్నాడు. ఏడాదికా అన్నాను. ఆరు నెలలకే అన్నాడు. సరిగ్గా వినపడలేదేమోనని ఫోన్ స్పీకర్లో పెట్టి మళ్ళీ అడిగాను, వంటింట్లోంచి మా ఆవిడ కూడా వచ్చి నిలబడింది. అదే కారు నాలుగు సిలిండర్లది అయితే ఎంత అంటే 140 తక్కువన్నాడు. అంటే ఒక్క ఫోను ముందు చేసి ఉంటే ఏడాదికి 280 మిగిలేవి. నాలుగేళ్ళు వేసుకోండి. అదీ వృథాగా, ఆ వి-6తో ఆ పిల్ల చేసింది స్కూలుకీ టెన్నిస్‌కీ వెళ్ళడమేగా.

కాబట్టి కారు చూడ్డానికి వెళ్ళకముందే మీకు నచ్చిన మూడు నాలుగు కార్ల 17 అక్షరాల విఐఎన్ నంబర్లు (ఒక్కో కారుకీ ఉండే గుర్తింపు సంఖ్య) ప్రకటనల్లోంచి రాసుకుని ఏజెంటుకి ఇవ్వండి, ఒక్కోదానికి ఎంతో చెప్పమనండి. బాబుకి విడిగా పాలసీ తీసుకోవద్దు, మీ దాంట్లోనే చేర్చండి. మార్కులు బి సగటుకి తగ్గకపోతే గుడ్ స్టూడెంట్ డిస్కౌంట్ ఉంటుంది, అడిగితేనే ఇస్తారు, అడగకపోతే ఎవడూ గుర్తు చేయడు. కారు పాతదై అప్పు లేకపోతే కొలిజన్ తీసేయొచ్చు, కానీ కాంప్రిహెన్సివ్ తీయకండి. మన డాలస్ వడగళ్ళ సంగతి ఈ వసంతంలో చూసే ఉంటారు, గరాజు నిండా కాస్ట్కో అట్టపెట్టెలు కాబట్టి పిల్లల కారు ఎలాగూ బయటే ఉంటుంది.

లయబిలిటీ (మన వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి ఇచ్చే ఇన్సూరెన్స్) దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ఈ మాట నేనంటున్నానంటే ఆలోచించుకోండి. టెక్సస్‌లో కనీసం 30/60/25 ఉంటే చాలంటారు, అంటే ఎదుటి మనిషికి 30 వేలు, మొత్తం మనుషులకి 60, ఎదుటి ఆస్తికి 25. ఫ్రిస్కోలో రెడ్ లైట్ దగ్గర ముందున్న బండిని చూడండి, 25 వేలు ఏ మూలకి? మిగతాది మీ జేబులోంచే. మా ఆవిడ అంటుంది, పిల్ల క్షేమం గురించి ఒక్క ముక్క లేదు, అన్నీ డాలర్లేనా అని. క్షేమం సంగతి ఆవిడ చూసుకుంటుంది, లెక్కలు నేను చూసుకుంటాను, మా ఇంట్లో పని విభజన అది.

ఏ కారు అంటే, పది పన్నెండు వేలలో క్యామ్రీ, అకార్డ్ లాంటి మధ్యరకం సెడాన్, నాలుగు సిలిండర్లు. 2012 మోడల్ నుంచి స్టెబిలిటీ కంట్రోల్ (బండి అదుపు తప్పి జారకుండా చూసే ఏర్పాటు) అన్ని కార్లకీ తప్పనిసరి, అంతకంటే పాతది వద్దు. ఐఐహెచ్‌ఎస్ అనే ఇన్సూరెన్స్ కంపెనీల భద్రతా సంస్థ వాళ్ళు, వస్తువుల్ని పరీక్షించే కన్స్యూమర్ రిపోర్ట్స్ వాళ్ళు కలిసి టీనేజర్లకి తగిన పాత కార్ల జాబితా వేస్తారు, ఉచితమే. మరీ చిన్నవీ, మరీ హార్స్‌పవర్ ఎక్కువున్నవీ వద్దని వాళ్ళే చెప్తారు, టెస్లా గురించి బాబుతో వాదించే ఓపిక లేకపోతే అది చూపించండి. వాడు ఎల్-2 (ఎల్-1 వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్నాడు, పార్ట్ టైం పని కూడా చేయకూడదు, అంటే గ్యాసు (పెట్రోలు) మొదలుకుని స్పీడింగ్ టికెట్ దాకా అన్నీ మీవే అన్నది కూడా వాడి చెవిన వేయండి.

సగం ధరకే వస్తోంది అంటే రీబిల్ట్ టైటిలేమో (తుక్కు కింద లెక్కేసిన కారుని బాగుచేసి మళ్ళీ రోడ్డెక్కించారని యాజమాన్య పత్రంలో రాసి ఉంటుంది) చూడండి, అలాంటివాటికి చాలా కంపెనీలు లయబిలిటీ తప్ప ఇవ్వవు. కార్‌ఫ్యాక్స్ అనే కారు చరిత్ర రిపోర్టు శుభ్రంగా ఉన్నంత మాత్రాన సరిపోదు. 2017లో హార్వీ తుపాను తర్వాత హ్యూస్టన్‌లో మునిగిన కార్లు ఎన్ని చోట్లకి చేరాయో లెక్కలేదు. సీటు బెల్టు చివరి దాకా బయటికి లాగి చూడండి, నీళ్ళలో మునిగిన కారైతే లోపలి భాగంలో బురద గీత కనిపిస్తుంది, పైన ఎంత కడిగినా అక్కడ కడగరు. సీటు కింద పట్టాలకు తుప్పు, కార్పెట్ కింద చెమ్మ, ముక్కు పగిలేలా సెంటు వాసన, వీటిలో ఏది ఉన్నా వెనక్కి వచ్చేయండి. ఎయిర్‌బ్యాగ్ రీకాల్ (కంపెనీ ఉచితంగా బాగుచేసివ్వాల్సిన లోపం) ఏమైనా పెండింగ్ ఉందేమో ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైటులో విఐఎన్ కొడితే తెలిసిపోతుంది. మెకానిక్ పరీక్షకి 150 అవుతుంది, ఇవ్వండి. సేఫ్టీ ఇన్‌స్పెక్షన్‌ని 2025 జనవరి నుంచి ఎత్తేశారు, మన కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రమే ఉంది, కాబట్టి బ్రేకులు బాగున్నాయని ఏ కాగితమూ చెప్పదు.

ఇంకో మాట. ప్రైవేటుగా కొంటే రసీదులో తక్కువ ధర రాయించుకుందామన్న మన ఊరి తెలివి ఇక్కడ పనికిరాదు. నేను ప్రయత్నించాను. రాసిన ధర రాష్ట్రం వాళ్ళ లెక్కలోని విలువలో 80 శాతానికి తక్కువైతే, ఆ 80 శాతం మీదే 6.25 శాతం పన్ను వేస్తారు. కౌంటర్లో ఆవిడ నవ్వుతూనే కాలిక్యులేటర్ నా వైపు తిప్పింది. అమ్మేవాడిని వెంటబెట్టుకుని టాక్స్ ఆఫీసుకి వెళ్ళండి, టైటిల్ అక్కడే మార్పించండి. బాబు లైసెన్సు గడువు ఇక్కడ ఉండటానికి వాడికి అనుమతి ఉన్న తేదీతో ముడిపడి ఉంటుంది, మొదటి ఏడాది అర్ధరాత్రి నుంచి 5 దాకా నడపకూడదు, ఇంటివాళ్ళు కాకుండా 21 లోపు వాళ్ళు ఒక్కరికి మించి ఎక్కకూడదు. ఇవన్నీ లైసెన్సులిచ్చే డీపీఎస్ సైటులో ఉన్నాయి, చదువుకోండి.

మూడు విఐఎన్‌లు ఏరి ఇన్సూరెన్స్ రేట్లతో సహా పంపించండి, చూసి చెప్తాను. మీకు కుదిరితే ఆదివారం పొద్దున నేనే వస్తాను, కోడ్ స్కానర్ (కారు లోపాలు చదివే పరికరం) నా దగ్గర ఉంది. ఆయిల్ మూత మాత్రం నేను వచ్చాకే తీద్దాం.