ప్రాగ్ జాతీయ నాటకశాలను రెండుసార్లు ఎందుకు ప్రారంభించాల్సి వచ్చింది?

మొదటిసారి తెరిచిన రెండు నెలలకే అది కాలిపోవడం వల్ల. చెక్ ప్రాంతాలు ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఉండి, ప్రాగ్‌లో జర్మన్ భాషకే పెద్దపీట దక్కుతున్న కాలంలో, తమ భాషలో నాటకాలకు, సంగీత నాటకాలకు సొంత వేదిక ఉండాలన్న పట్టుదలతో చెక్ ప్రజలు చందాలు పోగుచేశారు. 1862లో తాత్కాలిక నాటకశాల ఒకటి వెలిసింది. అసలు భవనానికి, వ్ల్టావా నది ఒడ్డున, 1868 మే 16న శంకుస్థాపన జరిగింది. చెక్ గాథల్లో ప్రసిద్ధమైన రీప్ కొండతో సహా పలు చోట్ల నుంచి పునాదిరాళ్లు తరలివచ్చాయి.

జోసెఫ్ జీటెక్ రూపొందించిన ఈ భవనాన్ని, పనులు పూర్తిగా ముగియకముందే, ఆస్ట్రియా యువరాజు రుడాల్ఫ్ రాకను పురస్కరించుకుని 1881 జూన్ 11న చెక్ స్వరకర్త స్మెతనా స్వరపరచిన సంగీత నాటకం ‘లిబుషె’తో ప్రారంభించారు. ఆగస్టు 12న, పైకప్పు మీద పనివాళ్లు ఉన్న రోజునే నిప్పంటుకుని, రాగి గుమ్మటం, ప్రేక్షకుల హాలు, రంగస్థలం నాశనమయ్యాయి. ఆ తర్వాత 47 రోజుల్లోనే పది లక్షల గిల్డర్ల విరాళాలు సమకూరాయి. వేదిక పైభాగాన ‘జాతి తన కోసం తాను’ అన్న అర్థమిచ్చే చెక్ వాక్యం కనిపిస్తుంది గానీ, దాతల్లో ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ కూడా ఉన్నాడన్నది మరువరాదు.

జీటెక్ శిష్యుడు జోసెఫ్ షుల్జ్ పాత తాత్కాలిక నాటకశాలను కూడా కలుపుకుని భవనాన్ని విస్తరించగా, విద్యుద్దీపాల వెలుగులో, 1883 నవంబర్ 18న అదే ‘లిబుషె’తో తెర మళ్లీ లేచింది.