నోటుబుక్కు ఒక్కటీ చాలుతుందా?

ప్రశ్న: నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక హైస్కూలులో లెక్కల మాస్టారిని, వయసు 41. స్టాఫ్ మీటింగులో నోరు తెరిస్తే నా ఒడియాలోని తెలుగు యాసకు అందరూ నవ్వుకుంటారన్న భయం రెండేళ్లుగా పీడిస్తోంది. బరంపురం వెళ్లి ఒక కౌన్సెలర్‌తో నాలుగుసార్లు మాట్లాడాను. ఆయన మంచివారే గాని, మాటలన్నీ ఒడియాలోనే సాగేవి. అది ఫలించలేదనిపించి మానేసి, ఐదు నెలలుగా ఇంట్లోనే ఆలోచనల పట్టిక (భయపెట్టే ఆలోచన, దానికి అనుకూల, వ్యతిరేక సాక్ష్యాలు, ముందూ తర్వాతా భయం నూటికి ఎంతో) రాసుకుంటున్నాను. ఇది సరిపోతుందా? రెండు పేజీల నకలు పంపుతున్నాను.

జవాబు: మీరు రాస్తున్న పట్టిక మాటల చికిత్సకు పోటీగా పుట్టినది కాదు. 1960లలో అమెరికన్ మనోవైద్యుడు ఆరన్ బెక్ రూపుదిద్దిన చికిత్సా పద్ధతిలో ఇలాంటి అభ్యాసాలు ఒక సమావేశానికీ మరొకదానికీ మధ్య రోగి చేసుకురావలసిన ఇంటిపని. ఇంటిపని ఇచ్చి, ఐదు నెలలు దిద్దకుండా వదిలేస్తే పిల్లల లెక్కలు ఏమవుతాయో మీకు నేను చెప్పనక్కరలేదు.

అలాగని సొంత అభ్యాసం వృథా అనను. తేలికపాటి, మధ్యస్థ స్థాయి ఆందోళనల్లో, నిపుణులు అప్పుడప్పుడు చూస్తూ ఉంటే, ఇది ఎదురుగా కూర్చుని చేసే చికిత్సకు దగ్గరగా ఫలితమిస్తుంది. ఎవరూ చూడకపోతే ఆ ఫలితం తగ్గుతుంది. నలుగురిలో మాట్లాడే భయానికి బ్రిటన్‌లో చికిత్సలకు ప్రమాణాలు సూచించే నైస్ సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాలు ముందుగా నిపుణుడి దగ్గర వ్యక్తిగత చికిత్సనే సూచించి, అది వద్దనుకున్నవారికి నిపుణుడి తోడ్పాటుతో చేసే సొంత అభ్యాసాన్ని ప్రత్యామ్నాయంగా చూపాయి.

ఇక మీ పేజీలు. దస్తూరి ముచ్చటగా ఉంది, గడులన్నీ నిండాయి. కాని భయం ముందు 80, తర్వాత కూడా 80. 'వ్యతిరేక సాక్ష్యం' గడిలో రెండుచోట్లా 'నవ్వలేదేమో' అని రాశారు. మీటింగులో మీరు మాట్లాడితేగా నవ్వారో లేదో తెలిసేది! చెప్పదలచిన వాక్యాన్ని మనసులో పదిసార్లు వల్లించుకుని, చివరకు ఊరుకుంటున్నానని మీరే ఒక మూల రాశారు. ఆ మౌనమే భయాన్ని మేపుతోంది, కాగితం దాన్ని ఆపలేదు. వచ్చే మీటింగులో వల్లించుకోకుండా రెండు వాక్యాలు మాట్లాడండి. ఏమి జరుగుతుందనుకుంటున్నారో ముందే రాసుకుని, తల దించుకోకుండా ముఖాలు చూసి, జరిగినది ఆ పక్కనే రాయండి. (1936లో ఒడిశాను వేరే రాష్ట్రంగా విడదీశారు గాని, మీ ఊరి మహేంద్రతనయ నది ఒడ్డున యాసలను ఎవరు విడదీయగలిగారు?)

కౌన్సెలింగ్ విఫలమైందన్న మీ అభిప్రాయంతో నేను ఏకీభవించను. ఒడియా మాట్లాడడమే భయమైన మనిషి ఆ భయాన్ని ఒడియాలోనే విప్పి చెప్పవలసి వచ్చింది. అక్కడ తప్పింది భాష, చికిత్స కాదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. శ్రీకాకుళంలోనో విశాఖలోనో తెలుగు తెలిసిన మనస్తత్వ నిపుణులను వెతుక్కుని, మూడు వారాలకొకసారి ఫోన్‌లోనైనా నోటుబుక్కు చూపించగలిగితే, ప్రయాణాలూ సెలవులూ కలిసివస్తాయి. అయితే నిద్రాహారాలు వారాల తరబడి తప్పినా, బడికి వెళ్లలేకపోతున్నా, మద్యం తోడైనా పట్టికలు పక్కన పెట్టి మనోవైద్యుని కలవండి. చనిపోవాలన్న తలంపు వస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు.

మరొక్క మాట. రెండో పేజీ అడుగున 'నాన్న ఉండగా ఇలా లేదు' అని రాసి, రెండు గీతలతో కొట్టేశారు. పట్టికలో దానికి గడి లేదు. ఎవరితో మాట్లాడినా, ముందుగా ఆ కొట్టేసిన వాక్యాన్ని చదివి వినిపించండి.