కర్నూలులో చూడటానికి ఏముంది అనేవాళ్లకు

కొండారెడ్డి బురుజు చూసేశాక కర్నూలులో ఇంకేముంది, ఆదివారం ఫ్రెండ్స్ అంతా కలిస్తే సినిమాకు పోవడం తప్ప వేరే దారి లేదా అని కొందరు అడిగారు. ఉంది. మా గుంపుకు చాలాకాలంగా ఇదే సరదా కాబట్టి చెప్తున్నా. ఊరు చూద్దామని బయల్దేరితే సెల్ఫీలతో అయిపోతుంది. ఏదో ఒక ఆట పెట్టుకుని బయల్దేరండి, పూట ఎలా గడిచిందో తెలీదు.

మాకు బాగా నచ్చింది ఫోటోల వేట. ఒకరు ముందురోజు పాతబస్తీలో తిరిగి బాగా దగ్గర్నుంచి ఫోటోలు తీస్తారు: ఒక తలుపు గొళ్లెం, మిద్దె నెత్తిన చెక్కిన సంవత్సరం, గోడ సందులో మొలిచిన రావి మొక్క. పొద్దున వాట్సాప్‌లో పెడతారు. మిగతావాళ్లు రెండు జట్లుగా వాటిని వెతకాలి. బండి ఎక్కకూడదు, మ్యాప్ చూడకూడదు, మనుషుల్ని మాత్రం ఎంతైనా అడగొచ్చు. మజా అంతా ఆ అడగడంలోనే ఉంది.

ఒకసారి ఫోటోల బదులు 2009 అక్టోబరు వరద గుర్తులు వెతకాలని పెట్టుకున్నాం. తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరిని ముంచిన వరద అది. ఒక కిరాణా కొట్టు పెద్దాయనను అడిగితే, మాట్లాడకుండా స్టూలెక్కి పై అర దగ్గర చెయ్యి పెట్టి, "ఇక్కడిదాకా నాయనా" అన్నాడు. ఆ అర చెక్క ఒక్కటే పాతది, నల్లగా ఉంది. కిందవన్నీ తర్వాత వేయించినవి. బియ్యం బస్తాలు నాని ఉబ్బి ఎలా పగిలాయో చెప్తూ మాకు టీ తెప్పించాడు. ఆ వరద గురించి అంతకుముందు ఎన్నోసార్లు విన్నాను గానీ, ఆ చెయ్యి ఎత్తు చూశాకే నాకు అర్థమైంది.

ఇంకో ఆట రాజధాని కబుర్లు. 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలే రాజధాని. ఆఫీసులు గుడారాల్లో కూడా నడిచాయి. ఏ, బీ, సీ క్యాంపులనే పేటలు ఉద్యోగుల కోసం అప్పుడు వెలిసినవే. సీ క్యాంపు రైతు బజారుకు వారం వారం పోతూ కూడా చాలామంది దీన్ని పట్టించుకోరు. ఆ రోజులు చూసిన అవ్వనో తాతనో పట్టుకుని, పుస్తకాల్లో లేని సంగతి ఒక్కటి తేవాలి. ముందు మీ ఇంట్లోనే మొదలుపెట్టండి. ఆలస్యం చేసే కొద్దీ చెప్పేవాళ్లు తగ్గిపోతారు.

బుర్ర పెట్టే ఓపిక లేని రోజు ప్రతి కూడలిలో రూపాయి ఎగరేసి, బొమ్మ పడితే కుడికి, బొరుసు పడితే ఎడమకు పోతాం. హంద్రీ ఒడ్డున, ఒకప్పుడు కర్నూలును ఏలిన అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి గుమ్మటాన్ని నేను మొదటిసారి దగ్గరగా చూసింది అలాగే. కేసీ (కర్నూలు-కడప) కాలువ గట్టున వినాయక ఘాట్ దాకా నడక కూడా బాగుంటుంది.

ఐదారుగురికి మించొద్దు, గుంపు పెద్దదైతే కొట్లవాళ్లు మాట్లాడరు. ఎండాకాలం వద్దు. మిగతా నెలల్లో కూడా పొద్దున ఏడు లోపలే మొదలుపెట్టి, ఓడిన జట్టు చేత ఉగ్గాని బజ్జి పెట్టించుకుని ముగించండి. ఇళ్ల ముందు ఫోటో తీసేటప్పుడు అడిగి తీయండి. ఇంకొకటి, ఫోటోలు తీసే వంతు మొదట పాతబస్తీలో పెరిగినవాళ్లకు ఇవ్వకండి. రోజూ చూసేవి కాబట్టి వాళ్ల కంటికి అవి ఆనవు.