కేకు ముచ్చట్లు: మన ఎండకి నిలబడే కేకు, మన ఫ్రెండ్ తినే కేకు

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ మన ఒడిశా వైపువే, బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, ఛత్రపురం, రాయగడ. అందరూ స్నేహితుల ఇళ్లల్లో పుట్టినరోజుకో గృహప్రవేశానికో ఇంట్లోనే కేకు చేసి పట్టుకెళ్దామనుకునేవాళ్లే, అది చూసి నాకు ఎంత సంతోషం వేసిందో. నేను బరంపురంలో కాపరం పెట్టి 20 ఏళ్లు దాటింది, ఈ ఉప్పుగాలిలో ఈ ఉక్కలో ఎన్ని కేకులు చేసేనో లెక్కలేదు, కాబట్టి చేసి చూసినవే రాస్తున్నాను.

ప్రశ్న (బరంపురం): అప్పా, మా ఫ్రెండ్ వాళ్ల పాప మొదటి పుట్టినరోజు మే నెలలో వస్తుంది, ఫంక్షన్ గోపాలపూర్‌లో. పోయినేడు ఇంకో ఫ్రెండ్‌కి చేసిన కేకు ఇంట్లో అదిరిపోయింది గానీ ఆటో దిగేసరికి క్రీము గులాబీలన్నీ జారీసి ముద్దయిపోయేయి, నాకు ఏడుపొచ్చీసింది. క్రీము గట్టిగానే కొట్టేను, మరి ఏటి తప్పు?

జవాబు: చెల్లీ, నేనూ ఇలాగే ఏడ్చినదాన్నే. మా స్నేహితురాలి కూతురు నిశ్చితార్థానికి రెండంతస్తుల కేకు చేసి, అసలు వెన్నతో బటర్‌క్రీమ్ వేసి తీసుకెళ్లేను, జూన్ నెల, ఇంకా వాన పడలేదు, హాల్లో ఫ్యాన్లు తప్ప ఏమీ లేవు. పెళ్లికొడుకు వాళ్లు రావడం గంట ఆలస్యం. నేను చూస్తూ ఉండగానే పై అంతస్తు మెల్లిగా, గోడ మీద తడి దిగినట్టు ఓ పక్కకి దిగడం మొదలెట్టింది, నేను చాకు అడ్డం పెట్టి పట్టుకుని నిలబడ్డాను. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది, బయట 38 ఉంటే మనం ఎంత గట్టిగా కొట్టినా అది నిలబడదు కదా. వీడియోల్లో చూపించేవాళ్లు ఏసీ గదుల్లో చేస్తారు, ఆ కొలతలు మన గదికి పనికిరావు.

విప్పింగ్ క్రీమ్ అయితే ఫ్రీజర్ నుంచి తీసి ముందురోజు రాత్రే కింద ఫ్రిజ్‌లో పెట్టీ, పొద్దున్నకి మధ్యలో కొంచెం ఐసు పలుకులు ఉండగానే కొట్టు, గిన్నె, బీటర్ పుల్లలు కూడా అరగంట ఫ్రీజర్లో పెట్టి తియ్యి, గిన్నె కింద ఇంకో పళ్లెంలో ఐసు వేసుకో. పొద్దున్న 5 గంటలకి కొట్టిన క్రీముకీ మధ్యాన్నం 12కి కొట్టిన క్రీముకీ ఎంత తేడా ఉంటుందో ఒకసారి చేస్తే నీకే తెలుస్తుంది. ఇంకో మాట, కొట్లో అమూల్ ఫ్రెష్ క్రీమ్ తెచ్చి కొడుతున్నామని చాలామంది రాస్తారు, అందులో కొవ్వు 25 శాతమే, అది గంటసేపు గిలక్కొట్టినా పువ్వు నిలబడదు, గనాష్‌కి, అంటే వేడి క్రీములో చాక్లెట్ కలిపి చేసే పూతకి, మాత్రం బాగుంటుంది.

గోపాలపూర్‌కి నువ్వు గనాష్ కేకు తీసుకెళ్లు అనే నా సలహా. డార్క్ చాక్లెట్ 200 గ్రాములకి క్రీము 100 గ్రాములు, అంటే రెండుకి ఒకటి, వేడి క్రీము చాక్లెట్ మీద పోసి రెండు నిమిషాలు కదపకుండా వదిలీసి తర్వాత మధ్యలోంచి చిన్నగా తిప్పుకుంటూ రావాలి, రాత్రంతా బయటే మూతపెట్టి ఉంచితే పొద్దున్నకి గట్టి పేస్టులా అవుతుంది, అది పూసి ఫ్రిజ్‌లో పెడితే కేకు చుట్టూ గోడ కట్టినట్టే. వైట్ చాక్లెట్ అయితే ఇంకా మెత్తన కాబట్టి మూడుకి ఒకటి వేసుకో. ఏడాది పాప బొమ్మలూ రిబ్బన్లూ ఎలాగూ చూడదు, పైన రెండు మూడు క్రీము పువ్వులు మాత్రం అక్కడికి వెళ్లాక పెట్టు, కోన్ విడిగా ఐసు డబ్బాలో పట్టుకెళ్లు. కేకుని అట్టకి కాస్త గనాష్‌తో అంటించి, డబ్బాని ఒళ్లో పెట్టుకోకుండా ఆటో అడుగున గోనెసంచి పరిచి దాని మీద సమంగా పెట్టు, ఒళ్లో వేడికీ వాలుకీ సగం కేకులు అక్కడే పాడైపోతాయి. పక్కన గడ్డకట్టించిన రెండు నీళ్లసీసాలు పెట్టుకో, బట్ట చుట్టి.

ఫాండెంట్, అదే కేకు మీద దుప్పటిలా పరిచే పంచదార ముద్ద, అడుగుతావేమో, మన సముద్రం గాలికి వద్దు. అదంతా పంచదారే కదా, గాల్లో తడి పీల్చేసుకుని జిగురైపోతుంది, ఫ్రిజ్‌లోంచి తీస్తే చెమట పడుతుంది.

ప్రశ్న (పర్లాకిమిడి): పిన్నిగారూ, మా పక్కింటి ఒడియా ఫ్రెండ్ పుట్టినరోజు కార్తీకంలో వచ్చింది. వాళ్లు ఆ నెలంతా నీసు ముట్టరు, గుడ్డు కూడా. మా ఇంట్లో ఓవెన్ లేదు, కుక్కర్లో చేస్తూ పావుగంటకోసారి మూత తీసి చూస్తున్నాను, మధ్యలో గొయ్యి పడిపోతోంది. ఏం చెయ్యాలి?

జవాబు: గుడ్డు లేదని తక్కువ కేకు పెడుతున్నాననుకోకమ్మా, పెరుగుతో చేసిన కేకు మెత్తదనం మీద నాకు గుడ్డు కేకు కంటే మక్కువ ఎక్కువ. మనకీ కార్తీకమే, వాళ్లకీ కార్తీకమే, పైగా మార్గశిరం వస్తే వాళ్లకి గురువారాల్లో మాణబసా, లక్ష్మీపూజ, అప్పుడూ ఇదే పనికొస్తుంది కాబట్టి ఈ కొలత రాసి వంటింటి తలుపు వెనకాల అంటించుకో. మైదా కప్పున్నర, పంచదార ఒక కప్పు, పుల్లగా లేని తియ్య పెరుగు ఒక కప్పు, నూనె అరకప్పు, బేకింగ్ పౌడర్ చెంచాంపావు, వంట సోడా అరచెంచా, వెనిల్లా చెంచా. కప్పంటే 240 మిల్లీలీటర్లది, చెంచా అంటే కొలత చెంచా, ఇంట్లో కాఫీ చెంచా కాదు, సోడా దగ్గర ఆ తేడాయే కొంప ముంచుతుంది.

పెరుగులో పంచదార పూర్తిగా కరిగేదాకా కలుపు, తర్వాత సోడా, బేకింగ్ పౌడర్ వేసి అయిదు నిమిషాలు వదిలీ. గిన్నె పక్కన కూర్చుని చూడు, అడుగునుంచి బుడగలు లేచి పెరుగంతా నురగలా పొంగుతుంది, చెవి పెడితే చిన్నగా చిటచిటమని వినపడుతుంది కూడా. అప్పుడు నూనె, వెనిల్లా, ఆఖర్న మైదా మూడు విడతలుగా. మైదా పడ్డాక ఎక్కువ కలపకూడదు, ఇడ్లీ పిండి తిప్పినట్టు తిప్పితే సాగుడొచ్చి రబ్బరైపోతుంది. ఇక ఆగకుండా గిన్నెలోకి పొయ్యి, బుడగలు చల్లారిపోతే పొంగదు.

ఇప్పుడు గొయ్యి సంగతి. నీ ఉత్తరంలో నువ్వే రాసేవు, పావుగంటకోసారి మూత తీసి చూస్తున్నానని, అదే అమ్మా. కేకు మధ్యభాగం ఆఖర్న గట్టిపడుతుంది, అది ఇంకా ద్రవంగా ఉన్నప్పుడు చల్లగాలి తగిలితే పొంగిందంతా కిందకి కూర్చుంటుంది. కుక్కర్ గాస్కెట్, విజిల్ రెండూ తీసీ, అడుగున రెండు కప్పుల రాళ్లుప్పు వేసి, స్టాండు పెట్టి, 10 నిమిషాలు ఖాళీగా మూతతో వేడిచెయ్యి, గిన్నె పెట్టేక మంట బాగా తగ్గించి 35 నిమిషాల దాకా మూత జోలికి వెళ్లకు. తర్వాత పుల్ల గుచ్చి చూడు, 40, 45 నిమిషాలకి అయిపోతుంది. సోడా ఎక్కువైనా ఇలాగే గొయ్యి పడుతుంది, పైగా సబ్బు వాసన. ఆ ఉప్పు పారెయ్యకు, మళ్లీ మళ్లీ కేకులకే వాడుకోవచ్చు, కూరల్లోకి మాత్రం వద్దు.

ప్రశ్న (గుణుపురం): మా ఫ్రెండ్‌కి మైదా అంటే ఇష్టం లేదు, తన పుట్టినరోజుకి చోడిపిండితో (రాగిపిండితో) బెల్లం కేకు చేద్దామనుకుంటున్నా. ఒకసారి చేస్తే పొడిపొడిగా రాలిపోయింది. వాళ్ల నాన్నగారికి సుగరు, ఆయన కూడా తినొచ్చు కదా?

జవాబు: మన కొండవైపు మాండియా అని చోళ్లు ఇంటింటా ఉంటాయి, అంబలి తాగి పెరిగినవాళ్లం, ఆ పిండితో కేకు అంటే నాకు ముచ్చటే. రాలిపోడానికి కారణం చోళ్లలో గ్లూటెన్ ఉండదు, పట్టి ఉంచే జిగురు లేదన్నమాట. సగం చోడిపిండి, సగం గోధుమపిండి వేసుకో. చోడిపిండిని ముందు మూకుడులో సన్నమంట మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి చల్లార్చి, పెరుగు, కరిగించి వడకట్టిన బెల్లంపాకంతో కలిపి 20 నిమిషాలు నానబెట్టు, అది నీళ్లు నెమ్మదిగా పీలుస్తుంది, నానకపోతే తినేటప్పుడు ఇసుక నమిలినట్టుంటుంది. సోడా మాత్రం నానిన తర్వాతే. చల్లారిన వెంటనే కొయ్యకు, మర్నాటికి ఇంకా మెత్తబడుతుంది. పైన క్రీమేం వద్దు, కొబ్బరికోరు బెల్లంలో తిప్పి పరిచెయ్యి, మన అరిసెల ఇంటి వాసనొస్తుంది.

మీ ఫ్రెండ్ వాళ్ల నాన్నగారి మాట ఒకటి గట్టిగా చెప్తాను, బెల్లం వేసినంత మాత్రాన సుగరు లేని కేకు అవదు, బెల్లమూ రక్తంలో సుగర్ని పెంచేదే. ప్రేమతో పెడుతున్నాం కదా అని ‘ఇది మీరు తినొచ్చు’ అని మాత్రం అనకు, బెల్లం వేసేనని చెప్పు, ఎంత తినాలో ఆయనా ఆయన డాక్టరూ చూసుకుంటారు.

ప్రశ్న (ఛత్రపురం): మా ఫ్రెండ్‌కి బదిలీ అయ్యి హైదరాబాద్ వెళ్లిపోతోంది, కేకు బదులు ఛెనాపోడ చేసి ఇస్తే బాగుంటుందా? పైన పూలతో అలంకరించొచ్చా?

జవాబు: బాగుంటుందా ఏమిటి, అంతకంటే మంచి వీడ్కోలు కేకు ఉందా! నయాగఢ్ జిల్లా దసపల్లాలో పుట్టిన మిఠాయి, కాల్చిన ఛెనా, అంటే కాల్చిన పాలవిరుగుడు ముద్ద అనే దాని పేరుకి అర్థం, ఆ మాడిన అంచు ముక్క కోసం మా ఇంట్లో ఇప్పటికీ పోటీయే. చిక్కటి పాలు రెండు లీటర్లు నిమ్మరసంతో విరగ్గొట్టి గుడ్డలో వడకట్టు, కానీ పనీర్‌లా బరువుపెట్టి పిండెయ్యకు, కాస్త తడి ఉండాలి, ఆ తడే లోపల మెత్తగా ఉంచుతుంది. అరిచేత్తో పలుకు లేకుండా మెదిపి, ఛెనా బరువులో సగానికి కొంచెం తక్కువ పంచదార, రెండు పెద్ద చెంచాల బొంబాయి రవ్వ, ఏలకులు, నేతిలో వేగిన జీడిపప్పు కలుపు. పంచదార వేసిన కాసేపటికి ముద్ద పల్చబడుతుంది, కంగారుపడకు, అలాగే ఉండాలి. గిన్నె అడుగున రెండు చెంచాల పంచదార ఎర్రగా కరిగించి, దానిమీద నెయ్యి రాసిన అరిటాకో సాలాకో పరిచి పోసి, పైకి కూడా ఎరుపు తిరిగేదాకా కాల్చు, ఓవెన్లో 180 డిగ్రీల మీద ముప్పావుగంట పైనే పడుతుంది. పూర్తిగా చల్లారాకే బోర్లించు.

పూలంటే నాకు భయం, ఎందుకో చెప్తాను. ఈమధ్య ఒకరు కేకు ఫోటో పంపించేరు, చుట్టూ గులాబిరంగు గన్నేరు పూలు, చూడ్డానికి ఎంత అందమో, నా గుండె ఆగినంత పనయ్యింది. గన్నేరు ఆకు, పువ్వు, కాడ అన్నీ విషమే, ఉమ్మెత్త కూడా అంతే, వాటిని తినే వస్తువు దరిదాపుల్లోకి రానివ్వకూడదు. బజారు పూలదండల్లోంచి పీకినవీ వద్దు, వాటిమీద ఏ మందు కొట్టేరో మనకి తెలీదు. పెరట్లో మందు కొట్టని గులాబీ ఉంటే రెక్కలు కడిగి ఆరబెట్టి చల్లు, కాడని మాత్రం లోపలికి గుచ్చకు. ఛత్రపురంలో ఉండి పూల మాట అడిగేవు కాబట్టి, మీ గంజాం మొగలిపువ్వుకి జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు ప్రత్యేక సరుకని ఇచ్చే గుర్తింపు, ఉంది, ఆ మొగలినీరు మంచిది దొరికితే ఛెనాలో అరచెంచా కలుపు, హైదరాబాదులో డబ్బా మూత తియ్యగానే ఆ పిల్లకి ఊరు గుర్తొస్తుంది.

ప్రశ్న (రాయగడ): అక్కా, ఫ్రెండ్సందరూ నన్నే కేకు చెయ్యమంటారు, నాకూ ఇష్టమే, కానీ నెలకి నాలుగైదు అవుతున్నాయి, సరుకులకే చాలా అవుతోంది. డబ్బులడిగితే బాగోదేమో? ఇంకోటి, కేకు మీద పేరు ఇంగ్లీషులో కాకుండా తెలుగులోనో ఒడియాలోనో రాయాలని నా కోరిక, రాస్తే కలిసిపోతున్నాయి.

జవాబు: అడుగమ్మా, మొహమాటపడకు. నేను చాలా ఏళ్లు అడగలేక లోలోపల విసుక్కున్నాను, ఆ విసుగుతో చేసిన కేకు కంటే ‘చాక్లెట్టూ క్రీమూ మీరు తెచ్చివ్వండి, చేసే పని నాది’ అని నవ్వుతూ చెప్పిన రోజు చేసిన కేకే బాగా వచ్చింది. దగ్గరవాళ్లకి ఏడాదికి ఒకటి నీ కానుక, మిగతావాటికి సరుకులు వాళ్లవి. ఊళ్లోవాళ్లకి డబ్బు తీసుకుని అమ్మడం మొదలెడితే మాత్రం 2006 ఆహార భద్రత చట్టం కింద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ చేయించుకో, ఇంటి వంటగదైనా కావాలి.

పేరు సంగతి నాకు ఎంత నచ్చిందో! మన రెండు లిపులూ గుండ్రనివే, కోన్ చేతిలో ఉంటే చెయ్యి దానంతటదే తిరుగుతుంది, ఇంగ్లీషు గీతల కంటే అందంగా వస్తాయి. కలిసిపోవడానికి కారణం కోన్ కన్నం పెద్దదవడం, ఒత్తులు అక్షరానికి మరీ దగ్గరగా పెట్టడం. కేకు మీద నేరుగా రాయొద్దు. కాగితం మీద పేరు పెద్దగా రాసుకుని, దానిపైన బటర్ పేపర్ పరిచి, కరిగించిన కాంపౌండ్ చాక్లెట్‌ని సూది మొనంత కన్నం ఉన్న కోన్‌తో ఆ గీత మీదే పొయ్యి. తెలుగులో అయితే ముందు అక్షరం, ఒక్క నిమిషం ఆగి అది ఆరాక తలకట్టు, ఆఖర్న ఒత్తు, అన్నీ ఒకదానికొకటి తగిలేలా ఉండాలి, లేకపోతే ఎత్తేటప్పుడు ఒత్తు కాగితానికే ఉండిపోతుంది. ఒడియాలో పైనున్న గొడుగు లాంటి వంపు ముందు గీసీ, కింద భాగం తర్వాత. పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, కాగితాన్ని కిందకి వంచుతూ వొలిస్తే అక్షరాలు ఊడొస్తాయి, చేతి వేడికి కరిగిపోతాయి కాబట్టి చాకు అంచుతో ఎత్తి పెట్టు. ఒక పేరు విరిగిపోతుందని ముందే అనుకుని రెండు పొయ్యి. నాకు ‘క్ష’ ఇప్పటికీ రెండోదే నిలబడుతుంది.